ఆముక్తమాల్యదలో పాండ్యదేశం: మతం, రాజ్యం, నిత్యజీవితం

రాజపాళయం నుంచి శ్రీవిల్లిపుత్తూరు 10, 12 కిలోమీటర్ల దూరం. తెలుగు పంచకావ్యాలలో ఒకటైన ఆముక్తమాల్యదకు కథాస్థలం ఆ ఊరే. తెలుగునాట చదువుకునే విద్యార్థికి విల్లిపుత్తూరు వ్యాఖ్యానంలో తగిలే ఒక పేరు మాత్రమే. రాజపాళయం విద్యార్థికి అది పొరుగూరు. పెళ్లికో, గుడికో, సంతకో పోయివచ్చే ఊరు. అయినా మన విద్యార్థులు ఈ కావ్యాన్ని దూరదేశపు గ్రంథంలాగే చదువుతున్నారు. అంతేకాదు, ప్రాచీన పాండ్యుల కాలంలో మతం, పరిపాలన, జనజీవనం ఇలా ఉండేవని చెప్పడానికి ఇందులోని పద్యాలను సాక్ష్యంగా చూపడం వ్యాసాలలోనూ, పరీక్షపత్రాలలోనూ వాడుక అయిపోయింది. ఈ వాడుక ఎంతవరకు సబబు? కావ్యం ఏ విషయంలో నమ్మదగిన సాక్షి, ఏ విషయంలో కాదు? ఈ ప్రశ్నను ఇక్కడ పరిశీలించదలచాము.

మొదట కాలాలను విడదీసుకోవాలి. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు రాజ్యం చేశాడు. కథానాయకుడు విష్ణుచిత్తుడు, అంటే పెరియాళ్వారు, క్రీ.శ. 8, 9 శతాబ్దాలవాడని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం. కవికీ కథకూ నడుమ సుమారు ఏడువందల ఏళ్లు. ఇక పాండ్యుల పేరు అంతకంటే చాలా పాతది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడి శిలాశాసనాలు చోళులతోపాటు పాండ్యులను పేర్కొన్నాయి. మదురై దగ్గరి మాంగుళం గుహలలోని తమిళ బ్రాహ్మీ శాసనాలలో నెడుంజెళియన్ అనే పాండ్యుని పేరుంది. వాటిని సాధారణంగా క్రీ.పూ. 2వ శతాబ్దానివిగా లెక్కిస్తారు. ఆ శాసనానికీ విష్ణుచిత్తుడికీ మధ్య మరో వెయ్యేళ్లున్నాయి. ఇన్ని శతాబ్దాలను ‘ప్రాచీనం’ అన్న ఒక్క మాట కింద కలిపివేస్తే చరిత్రకూ న్యాయం జరగదు, కావ్యానికీ జరగదు.

మతం సంగతి చూద్దాం. ప్రాచీన మదురైని వర్ణించిన సంగకాలపు తమిళ కావ్యం మదురైక్కాంజి. మాంగుడి మరుదనార్ రచన. అందులో బౌద్ధుల పళ్లి, వేదం చదివే బ్రాహ్మణుల నివాసం, జైనుల పళ్లి ఒకే నగరంలో పక్కపక్కన కనిపిస్తాయి. కవి ఒకరిని గెలిపించడు, ఒకరిని ఓడించడు. మాంగుళం శాసనాలు చెప్పేది కూడా జైనమునులకు చేసిన దానాలనే. ఆముక్తమాల్యదలోని మదురై ఇలాంటిది కాదు. అక్కడ పాండ్యుని సభలో వాదం జరుగుతుంది. ఒక సిద్ధాంతం గెలిచి తక్కినవి ఓడిపోతాయి. యామునాచార్యుల కథలో శైవుడైన రాజును చిత్రించిన తీరులో కవి పక్షం దాగదు. ఇది విశిష్టాద్వైతం బలపడిన తరువాతి వైష్ణవుని చూపు. ప్రాచీన పాండ్యదేశపు మతస్థితికి దీనిని సాక్ష్యంగా తీసుకోరాదు. పైగా రాయల ఏలుబడికి కూడా ఇది పూర్తి సాక్ష్యం కాదు. హంపీలో శివాలయమైన విరూపాక్షస్వామి గుడికి పట్టాభిషేక సందర్భంలో ఆయన చేసిన కైంకర్యాలను 1510 నాటి శాసనం చెబుతున్నది. కావ్యంలో వైష్ణవపక్షపాతి అయిన రాయలు సింహాసనం మీద శివుడికి గోపురం కట్టించిన రాయలు కూడా. కవినీ ప్రభువునూ ఒకే మనిషిగా తీసుకుని తీర్పు చెప్పడం తొందరపాటు.

మాలదాసరి కథను ఈ సందర్భంలోనే తలచుకోవాలి. తిరుక్కురుంగుడి స్వామిని వేకువజామున పాటతో సేవించే చండాల భక్తుడు, తనను తినబోయిన బ్రహ్మరాక్షసునికి ఇచ్చిన మాట తప్పకుండా పాట పాడి తిరిగివస్తాడు. చివరకు ఆ పాట పుణ్యంతోనే రాక్షసునికి విముక్తి. ఈ కథను కులభేదాన్ని ధిక్కరించిన రచనగా మెచ్చుకునే విమర్శకులున్నారు. భక్తుడిని బ్రాహ్మణజన్మ ఎత్తిన రాక్షసుని కంటే ఎత్తున నిలపడం నిజమే. అయితే ఆ భక్తుడు గుడి బయటే నిలిచి పాడతాడు. కథ ముగిశాక కూడా గుడి వాకిలి అతనికి తెరుచుకోదు. భక్తి ఎంత దూరం తీసుకుపోయిందో, ఎక్కడ ఆగిపోయిందో రెండూ గమనించినప్పుడే విమర్శ పూర్తి అవుతుంది.

రాజ్యం విషయానికి వస్తే, కావ్యంలోని పాండ్యరాజుకు మత్స్యధ్వజుడని పేరు. మీనం పాండ్యుల చిహ్నం. అంటే అది వ్యక్తి పేరు కంటే జెండా పేరు అనాలి. రాత్రివేళ వేశ్య ఇంటికి పోతూ, అరుగు మీద పడుకున్న పరదేశి బ్రాహ్మణుడు చదివిన ఒక నీతిశ్లోకం విని మనసు మారిన రాజు అతడు. వానాకాలానికి ముందే, ముసలితనానికి ముందే కూడబెట్టుకోవాలన్నది ఆ శ్లోకసారం. కథకు అతని మనసు మార్పు కావాలి గాని పాలన అవసరం లేదు. పాలన అంతా చతుర్థాశ్వాసంలో, యామునాచార్యులు కొడుకుకు చేసిన రాజనీతి బోధలో ఉంది. ఆదాయాన్ని నాలుగు పాళ్లు చేసి రెండు సైన్యానికి, ఒకటి దానభోగాలకు, ఒకటి బొక్కసానికి కేటాయించాలి. చెరువులు, కాలువలు తవ్వించి పేదరైతుకు పన్నులో వెసులుబాటు ఇవ్వాలి. రేవులకు ఏనుగులు, గుర్రాలు, మణులు తెచ్చే వర్తకులను ఆదరించి, ఆ సరుకు శత్రువుకు చేరకుండా చూసుకోవాలి. ఇవి యుద్ధాల నడుమ ఇరవై ఏళ్లు రాజ్యం చేసినవాని మాటలు. శాస్త్రగ్రంథాల ఛాయ ఉన్నా, బరువు అనుభవానిది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గుర్రాల ప్రసక్తి ఉన్నది కాబట్టి ఇది కేవలం విజయనగరపు విషయమని కొట్టివేయరాదు. సముద్రం మీద వచ్చిన గుర్రాలను సంగకాలపు పట్టినప్పాలై పేర్కొన్నది. 13వ శతాబ్దం చివర పాండ్యులు గుర్రాలను దిగుమతి చేసుకోవడం గురించి మార్కోపోలో రాశాడు. సరుకు పాతదే. దాన్ని శత్రువుకు దక్కనీయని విధానంగా మలచి చెప్పడంలో రాయలనాటి అవసరం కనిపిస్తుంది. ఇలా పాతదాన్నీ కొత్తదాన్నీ విడదీయడమే విమర్శకుని పని.

మిగిలింది నిత్యజీవితం. కావ్యం బలమంతా ఇక్కడే ఉందని మా అభిప్రాయం. విల్లిపుత్తూరు వర్ణనలో ప్రసిద్ధమైన పద్యం ఒకటున్నది. వరిమళ్ల కాలువలలో బాతులు తలలు రెక్కల్లో దూర్చుకుని నిద్రపోతుంటాయి. తలారులు వాటిని చూసి, వేకువన స్నానం చేసిపోయిన బ్రాహ్మణులు మరిచిపోయిన పిండిన పంచెలనుకుంటారు. ఇళ్లకు చేర్చుదామని రేవులోకి దిగితే బాతులు లేచి పారిపోతాయి. చేను కాసే పడుచులు నవ్వుతారు. ఈ ఒక్క పద్యంలో మతం స్నానంగానూ, రాజ్యం కావలివానిగానూ ఉన్నాయి. చివరి నవ్వు మాత్రం చేను కాసే ఆడపిల్లలది. సభలోని వాదం చెప్పలేని ఊరి సంగతి ఈ నవ్వు చెబుతుంది. మదురైక్కాంజిలో కూడా రాత్రి కావలివారు కనిపిస్తారు. వానలో సైతం దొంగల జాడ వెతుకుతూ తిరుగుతారు. ఒక కవి మరొకరిని చూసి రాశాడని మేము అనడం లేదు. కావలి కాసే పని రెండు కాలాలలోనూ కవుల కంట పడింది, అంతే.

అలాగే వానాకాలపు వర్ణన. నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే ఇల్లాలు, దొరికినా తడికట్టెల పొగ, ఉడకని అన్నం. చక్రవర్తి పొయ్యి దగ్గరి కష్టాన్ని ఇంత దగ్గరగా చూడడం మన సాహిత్యంలో అరుదు. విష్ణుచిత్తుడి ఇంటి విందులు కాలానికి తగినట్టు మారుతాయి. చలికాలంలో మిరియపు ఘాటు, ఆవ పచ్చళ్లు; వేసవిలో పలుచని అంబళ్లు, చెరకురసం, ఎడనీళ్లు. ఈ ఎడనీళ్లకు అర్థం కోసం తెలుగునాట విద్యార్థి నిఘంటువు తెరవాలి. రాజపాళయం విద్యార్థి బస్టాండులో తాగే ఇళనీరే అది. ఆ వంటల్లో కారానికి మిరియమే ఆధారమన్నదీ గుర్తుంచుకోవాలి. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చి మన వంటింట్లో స్థిరపడింది ఆ తరువాతే.

అయితే నిత్యజీవితం కూడా ప్రాచీన పాండ్యకాలానికి నేరుగా సాక్ష్యం కాదు. దానికి సాక్ష్యం మట్టిలో ఉంది. 2014లో మొదలైన కీళడి తవ్వకాలలో ఇటుక కట్టడాలు, మట్టిగాజుల బావులు, నూలు వడికే కదుళ్ల బిళ్లలు, పేర్లు గీసిన కుండపెంకులు దొరికాయి. మన విరుదునగర్ జిల్లాలోనే, వైప్పారు ఒడ్డున వెంబకోట్టైలో 2022 నుంచి జరిగిన తవ్వకాలలో శంఖుగాజులు, పూసలు, ఆటబిళ్లలు బయటపడ్డాయి. గాజు దొరికింది గాని అది తొడుక్కున్న మనిషి మాట దొరకలేదు. కావ్యంలో మాట ఉంది గాని దాని కాలం వేరు. ఒకదాని లోటును మరొకదానితో పూడ్చి, ఇదే ప్రాచీన జీవితమని చెప్పుకోవడం సులభం. అది మాత్రం తగదు.

కాబట్టి మా నిర్ణయం ఇది. ఆముక్తమాల్యద మతం విషయంలో తన పక్షాన్నీ, రాజ్యం విషయంలో తన కాలాన్నీ చెబుతుంది. నిత్యజీవితం విషయంలో తుంగభద్ర నుంచి వైగై దాకా ఉన్న వరిపొలాల దక్షిణదేశాన్ని చెబుతుంది. ఆ దేశంలో విజయనగర, నాయకరాజుల కాలాలలో దక్షిణానికి వచ్చి ఈ సీమలో స్థిరపడిన రాజపాళయం రాజుల వంటి తెలుగువారి చరిత్ర కూడా ఇమిడి ఉన్నది.

తెలుగునేలకు దూరంగా పుట్టాము, మా తెలుగు చెడిపోయింది అని మన విద్యార్థులు చిన్నబుచ్చుకోవడం తరచుగా వింటుంటాము. ఈ కావ్యం విషయంలో ఆ సంకోచం అక్కరలేదు. మదురైక్కాంజినీ ఆముక్తమాల్యదనూ రెండింటినీ మూలంలో చదవగల అవకాశం ఇతరులకంటే వారికే ఎక్కువ. వేదం వేంకటరాయశాస్త్రిగారి వ్యాఖ్యానాన్ని దగ్గర పెట్టుకుని, కావ్యంలోని తిండి, పొలం, నీరు, కావలి మాటలను జాబితా రాసుకోవాలి. వాటిలో ఏవి తమ ఇంటి పెద్దల నోట ఇంకా బతికి ఉన్నాయో, ఏవి పక్కింటి తమిళంలో ఉన్నాయో అడిగి తెలుసుకోవాలి. పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.