పెరటి కోడి – కథకుడి చూపు

మన సాహిత్యంలో పుంజుకు దక్కిన చోటు పెట్టకు దక్కలేదు. పల్నాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుల కోడిపందెం మాచర్లవారిని ఏడేళ్లు వలసకు పంపింది. తర్వాతి పల్లె కథల్లో చాలావాటిలో కోడి తెల్లవారిందని కూస్తుంది, అల్లుడొచ్చిన రోజున కూరవుతుంది. ఇది వాతావరణ కల్పనే గాని వాస్తవికత కాదు.

పెట్టను పొదగేసి, 21 రోజులు కనిపెట్టుకుని, పిల్లల్ని గద్దకూ పిల్లికీ చిక్కకుండా సాకేది స్త్రీ. భూమి మగవాడి పేరున ఉన్న ఇంట్లో గుడ్లమ్మిన డబ్బే ఆమె కొంగున ముడి. కోడి లేని పొరుగామె ఆమె పెట్టను పాలుకు పెంచి పిల్లల్లో సగం తీసుకుంటుంది. ఎండబోసిన వడ్లను కోడి కెలికినా, పక్కింటి గడ్డివాములో గుడ్డు పెట్టినా ఆ ఇద్దరే జుట్లు పట్టుకుంటారు. ఈ తగువును ఆడవాళ్ల అల్పబుద్ధిగా చూపి నవ్వించే రచయిత ఆ గుడ్డు ఒక పూట ఉప్పూ చింతపండూ అని మరిచిపోతాడు. వాళ్ల స్నేహాన్నే చూపి పల్లెను స్వర్గం చేసే రచయితదీ అదే పొరపాటు. సాయమూ తగువూ ఒకే లేమిలోంచి పుట్టాయి.

కొక్కెర తెగులు సోకితే కొద్ది రోజుల్లో వాడ మొత్తం గంపలు ఖాళీ అవుతాయి. టీకా ఉంది. కాని సీసాలో మందు వంద కోళ్లకో అంతకు మించో వస్తుంది. కలిపిన కొద్ది గంటల్లో వాడెయ్యాలి. నాలుగు కోళ్లున్న ఆమె ఒక్కతే ఏం చేస్తుంది? నిన్న తగువాడిన పొరుగామె గడప తొక్కాల్సిందే. సమష్టి గురించి పాత్ర నోట ఉపన్యాసం చెప్పించే మన కథకులు ముందు ఆ గడప దగ్గర నిలబడి చూడాలి. అక్కడ కథ ఉంది.