మాడిసన్ ముఠా సిద్ధాంతం – విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

1787 నవంబరు 22న న్యూయార్క్‌లో ‘పబ్లియస్’ అనే కలం పేరుతో జేమ్స్ మాడిసన్ ఒక వ్యాసం ప్రచురించాడు. కొత్త అమెరికా రాజ్యాంగానికి ప్రజల ఆమోదం కోరుతూ వెలువడిన 85 ఫెడరలిస్ట్ వ్యాసాలలో అది పదవది. ఇతర పౌరుల హక్కులకు గాని, సమాజ శాశ్వత ప్రయోజనాలకు గాని విరుద్ధమైన ఉద్రేకంతోనో, స్వార్థంతోనో ఏకమైన పౌర సమూహాన్ని అతడు ముఠాగా నిర్వచించాడు. గ్రామకక్షలను సూచిస్తూ మనం వాడే ‘ఫ్యాక్షన్’ అనే మాటతో దీనిని కలపరాదు. ఇక్కడ అధిక సంఖ్యాకులు కూడా ముఠా కావచ్చు.

ప్రధాన వాదన

అల్ప సంఖ్యాక ముఠాను ఓటుతో ఓడించవచ్చు. అధిక సంఖ్యాకులే ముఠాగా మారితే స్వేచ్ఛకు రక్షణ ఏమిటి? ఆనాటికి ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. 1786లో రోడ్ ఐలండ్ శాసనసభ కాగితపు డబ్బు ముద్రించి, అప్పులిచ్చినవారు దానిని స్వీకరించి తీరాలని శాసించింది. ముఠాలు పుట్టకుండా స్వేచ్ఛనే రద్దు చేయడం రోగం కంటే చెడ్డ మందు అవుతుంది. అందరికీ ఒకే అభిప్రాయం కలిగించడం అసాధ్యం. కాబట్టి ముఠాల ఫలితాలను అదుపు చేయాలి. గణతంత్రం చిన్నదిగా ఉంటేనే నిలుస్తుందన్న మాంటెస్క్యూ అభిప్రాయాన్ని మాడిసన్ ఇక్కడ తలకిందులు చేశాడు. రాజ్యం విశాలమైతే ప్రయోజనాలు అనేకమవుతాయి, అన్యాయం కోసం మెజారిటీ ఏకం కావడం కష్టమవుతుంది.

విమర్శ

ఈ వ్యాసం ఆస్తిపరుల ప్రయోజనాలను వెల్లడిస్తుందని చార్లెస్ బియర్డ్ 1913లో వాదించాడు. మాడిసన్ భయపడిన నిరంకుశత్వానికి స్పష్టమైన నిర్వచనం లేదని రాబర్ట్ డాల్ 1956లో విమర్శించాడు. అయితే అసలు బలహీనతలు వేరే రెండు ఉన్నాయి.

మొదటిది, మెజారిటీలు ఎప్పటికప్పుడు మారుతూ ఉంటాయని ఈ సిద్ధాంతం భావిస్తుంది. నేటి రుణదాత రేపు వర్తకులతో కలవవచ్చు. కాని చర్మపు రంగు మారదు. కేవలం రంగు ఆధారంగా మనిషి మనిషిపై ఘోరమైన ఆధిపత్యం చెలాయించాడని మాడిసన్ స్వయంగా 1787 జూన్ 6న రాజ్యాంగ సదస్సులో అన్నాడు. అదే సంవత్సరం రాసిన పదవ వ్యాసంలో రుణదాతలు, రుణగ్రస్తులు, భూస్వాములు, వర్తకులు కనిపిస్తారు, బానిసలు కనిపించరు. మాడిసన్ కూడా బానిసల యజమానే. 1790 జనగణన నాటికి బానిసలు సుమారు 7 లక్షలు. ఓటే లేనివారు ఏ కూటమిలో చేరగలరు? రాజకీయ మెజారిటీ మారుతుంది, మతకుల మెజారిటీ పుట్టుకతో స్థిరపడుతుంది అని 1945లో అంబేద్కర్ చూపిన తేడా ఈ లోపాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

రెండవది, విశాలత కేంద్రాన్ని మాత్రమే కాపాడుతుంది. రాష్ట్రంలో స్థానిక మెజారిటీ యథాతథంగా ఉంటుంది. ఈ విషయం మాడిసన్‌కు తెలుసు. రాష్ట్ర చట్టాలపై కేంద్రానికి వీటో ఉండాలని సదస్సులో అతడు కోరాడు, సదస్సు తిరస్కరించింది. 1789లో అంతరాత్మ స్వేచ్ఛను, పత్రికా స్వేచ్ఛను, జ్యూరీ విచారణ హక్కును రాష్ట్రాలు కూడా ఉల్లంఘించరాదని ప్రతిపాదించాడు. సెనేట్ దానిని తొలగించింది. అందువల్ల 1791 నాటి హక్కుల పత్రం కేంద్రానికే పరిమితమైంది. రాష్ట్రాల నుంచి పౌరుణ్ణి కాపాడే మార్గం 1868 నాటి 14వ సవరణతో గాని తెరుచుకోలేదు.

ముగింపు

మాడిసన్ రోగ నిర్ధారణ నేటికీ చెల్లుతుంది. చికిత్స మాత్రం సగమే. విశాలత అన్యాయపు మెజారిటీని ఆలస్యం చేస్తుంది. న్యాయం కోరే మెజారిటీని కూడా అంతే ఆలస్యం చేస్తుంది. హక్కులు, న్యాయస్థానాలు, అందరికీ ఓటు తోడైతేనే స్వేచ్ఛ నిలుస్తుంది. 1787 నాటి వ్యాసానికి సరైన విమర్శ 1789లో మాడిసన్ చేసిన ప్రతిపాదనలోనే ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. విశాల గణతంత్రం మెజారిటీ ముఠాను ఎలా అదుపు చేస్తుందని మాడిసన్ భావించాడు?
2. స్థిరమైన మెజారిటీ ఉన్న సమాజానికి ఈ సిద్ధాంతం ఎంతవరకు వర్తిస్తుంది? చర్చించండి.