పరిమాణమా, మితియా? – కాంతినిచ్చే హాలైడ్ సంకర పదార్థాల తెలుగు పరిభాష: ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం

తెలుగు అకాడమీ 1968లో ఏర్పడిన నాటినుంచి విజ్ఞానశాస్త్రాలకు తెలుగులో పదసంపద పెరుగుతూ వచ్చింది. అయితే పదం ఉన్నంత మాత్రాన భావం అందదు. బద్వేలు వంటి పట్టణంలో తెలుగు మాధ్యమంలో చదివి పరిశోధన వైపు వెళ్లే విద్యార్థికి ఒక్కోసారి విషయం కన్నా దాని పేరే అడ్డంకి అవుతుంది. సేంద్రియ లోహ హాలైడ్ సంకర పదార్థాలు ఇందుకు తగిన ఉదాహరణ.

2. రెండర్థాల పదం

ఈ పదార్థాల్లో సీసం, తగరం వంటి లోహాల చుట్టూ క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్ అయాన్లు చేరి తరచుగా అష్టముఖులుగా ఏర్పడతాయి. అవి అన్ని దిశల్లో అల్లుకుంటే పెరోవ్‌స్కైట్. పెద్ద సేంద్రియ అయాన్లు అడ్డునిలిచేకొద్దీ ఆ అల్లిక పొరలుగా, గొలుసులుగా, చివరకు విడివిడి దీవులుగా మారుతుంది. ఈ చివరి రూపాన్ని ‘శూన్య పరిమాణం’ అంటే భావం తలకిందులవుతుంది. తెలుగులో పరిమాణమంటే సైజు కూడా. పాఠకుడు నానో రేణువును ఊహిస్తాడు. నిజానికి స్ఫటికం కంటికి కనిపించేంత పెద్దది కావచ్చు. తగ్గినది లోపలి అనుసంధానమే. ‘మితి’కి హద్దు అన్న అర్థం ఉన్నా అది సైజును స్ఫురింపజేయదు. అందువల్ల ‘శూన్యమితి’యే మేలు.

3. వెలుగు ఎక్కడిది?

కాంతిని పీల్చిన అష్టముఖి కొద్దిగా రూపు మారుతుంది. ఉత్తేజిత ఎలక్ట్రాన్–రంధ్ర జంట ఆ మార్పులోనే చిక్కుకుంటుంది. కొంత శక్తి కంపనాలకు పోతుంది గనుక వెలువడే కాంతి ఎక్కువ తరంగదైర్ఘ్యంతో, వెడల్పైన వర్ణపటంతో ఉంటుంది. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధనల్లో 2017లో సీసం బ్రోమైడ్ గొలుసులు నీలిఛాయగల తెల్లని కాంతినిచ్చాయి. 2018లో తగరం బ్రోమైడ్ దీవుల పదార్థం పీల్చిన ప్రతి 100 ఫోటాన్లకు సుమారు 95 ఫోటాన్లను పసుపు కాంతిగా వెలువరించింది.

కడప సీమకు పరిచితమైన మంగంపేట ముగ్గురాయితో పోలిస్తే తేడా తెలుస్తుంది. 17వ శతాబ్ది తొలినాళ్లలో ఇటలీలోని బొలోన్యాలో ఆ జాతి ఖనిజాన్నే బొగ్గుతో కాల్చగా చీకటిలో మెరిసింది. అక్కడ వెలుగుకు మూలం బేరియం సల్ఫైడ్‌లోని స్వల్ప మాలిన్యం. ఇక్కడ స్ఫటిక నిర్మాణాంగమే దీపం. సేంద్రియ, లోహ భాగాలు ఒకే స్ఫటికంలో నిర్ణీత నిష్పత్తిలో కూర్చుకుంటాయి కనుక వీటిని ‘మిశ్రమం’ అనడమూ సరికాదు. ‘సంకరం’లో నిందాధ్వని ఉందనవచ్చు, కాని సంకర విత్తనం అన్న వాడుకలో ఆ ధ్వని ఏనాడో కరిగిపోయింది.

4. ముగింపు

పారిభాషిక పదాన్ని నిఘంటువు సమ్మతితోనే తూచరాదు. అది చదువరి మనసులో ఏ బొమ్మ గీస్తుందో కూడా చూడాలి. ‘పరిమాణం’, ‘మిశ్రమం’ తప్పు బొమ్మ గీస్తాయి. ‘మితి’, ‘సంకరం’ ఒక్క వాక్య వివరణతో సరైన బొమ్మను నిలబెడతాయి. ఆ ఒక్క వాక్యాన్ని పాఠ్యగ్రంథం విడిచిపెడితే నష్టపోయేది భాష ఒక్కటే కాదు, దాన్ని నమ్ముకుని చదివిన విద్యార్థి కూడా.