తిరుత్తణి సీమలో పనికి కొలతమాటలు

ఒక మనిషి చేయవలసిన పని ఎంత యని చెప్పుటకు నేటి పత్రికలకును కార్యాలయములకును 'పనిభారము' అను నొక్క మాట చాలియున్నది. గుమాస్తాకు నదే, ఉపాధ్యాయునకు నదే, మగ్గముకడ కూర్చున్నవానికి నదే. పని దేశ్యము, భారము తత్సమము. కావున నిది వైరిసమాసమని పండితు లాక్షేపింపవచ్చును. నా యాక్షేపము వేరు. పని యెల్ల బరువే యని యీ మాట ముందుగనే తీర్పు చెప్పివేయుచున్నది.

తెలుగువాని నోట పని కొలత దేహమును బట్టి నడచును. 'చేతినిండ పని' యన్నవాడు సంతోషముతో ననును. 'నడుము విరుగు చాకిరి' యన్నచో బాధ మొదలైనది. 'తలమునకలుగా నున్నాను' అనువాడు మునుగుచున్నాడు. 'తలకు మించిన పని' వాని శక్తినే దాటినది. పని చేతికడ నున్నంతవరకు భాగ్యము, పైకెక్కినకొలది గోడు. 'పనిభారము' ఈ మెట్ల నన్నిటిని చదును చేసినది.

తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతములందు ఈ సంగతి మఱింత స్పష్టముగా గానవచ్చును; అచ్చట రెండు భాషలును ఒకే వీధిలో వినబడును. తమిళులును 'కై నిఱైయ వేలై' యందురు, 'తలైక్కు మేల్ వేలై' యందురు. చేయి, తల రెండింటను కలిసినవి. పని పేరు మాత్రము వేఱు. మనకు నిత్యవ్యవహారమైన 'పని' తమిళమున 'పణి' యై ఉద్యోగమునకు, సేవకు జెల్లు గౌరవపదము. వారి వాడుకలోని 'వేలై' మన చెవికి 'వేళ' వలె దోచును. తెలుగింటి బాలుడు తన పెరటి మాట పొరుగింట పట్టుబట్ట గట్టుకొని కూర్చుండుట జూచును. 'పాటు' కథయు నిట్టిదే: తమిళమున 'పాట్టాళి' శ్రమజీవి, మనము దేశమునకు 'పాటుపడుదుము', బ్రదుకులో 'పాట్లు' పడుదుము. ఏకవచనము ఘనత, బహువచనము కష్టము!

పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పము మొదలగు నేతయూళ్ళను తలచినచో నసలు చిక్కు తెలియును. చేనేతలో పనికి కొలత గంట కాదు, పడుగు. పడుగు దింపువఱకు పని. అది యొక మనిషి పనియు గాదు: పడుగు సరిచేయువారొకరు, గంజి పెట్టువారొకరు, కండెలు చుట్టు నిల్లాలొకరు, నాడె యాడించువాడొకడు. కూలి మాత్రము తరచుగా నేసిన గుడ్డకే ముట్టును. కండెలు చుట్టిన చేతికి వేఱు లెక్క యుండదు. 'పడుగు' ఇంటి నంతను లెక్కించును, 'పనిభారము' ఒక్క తలనే లెక్కించును. పవర్లూము వచ్చిన పిమ్మట 'ఎన్ని మగ్గములు చూచుచున్నావు' అనుట కొలత యైనది. ఇది మఱల నొక్క మనిషి లెక్కయే.

వెట్టి సంగతి వేఱు. అది పని యెంత యని చెప్పదు. కూలి లేదని, కాదనుటకు వీలు లేదని చెప్పును. చోళుల నాటి శాసనములందు గూడ నీ మాట కలదు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలనకు చట్టము వచ్చినది. ఆ తరువాతను తిరువళ్ళూరు జిల్లా ఇటుకబట్టీలనుండి, బియ్యపు మిల్లులనుండి మనుష్యులను విడిపింపవలసి వచ్చినది. వారి స్థితిని 'అధిక పనిభారము' అని వ్రాయువాడు భాషకే గాదు, వారికిని అన్యాయము చేసినవాడగును.

ఇక నీ మాటల నెవరు కూర్చవలెను? పటాస్కరు తీర్పు ననుసరించి తిరుత్తణి తాలూకాలో చాల భాగము 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు బోయినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము, వ్యవసాయ సంపుటము, 1962లో వెలువడినది. చేనేత సంపుటము 1971లో. ఆ మహాకార్యమునకు ఆంధ్రప్రదేశమే క్షేత్రము. ఎల్లకు దక్షిణమున నున్న నేతవాని మాట కది పొరుగు రాష్ట్రపు గ్రంథమైనది. 2006 నాటి తమిళ విద్యా చట్టమువలన బడులలో తమిళము నిర్బంధమైనది. తమిళము నేర్చుట నష్టము గాదు. పైని జూపిన పోలికలు రెండును వచ్చినవానికే తెలియును. కాని యా బాలునకు బడిలో 'పణిచ్చుమై', తెలుగు పత్రికలో 'పనిభారము' దొరకును. తాత నోటి 'పడుగు దింపుట' రెండు చోట్లను దొరకదు. మగ్గము గుంటలో గూర్చుండి ఇంకను నేయుచున్న వృద్ధులు కొందఱున్నారు. వారి కడకు కాగితము, కలము గొని పోవలసిన పని మిగిలియున్నది.