ఇరుకు చోట నిలకడైన చేయి

పురీషనాళ క్యాన్సర్ ఆపరేషన్‌లో డావిన్సీ రోబోను నడిపే సర్జన్ పనితనం చూసి తీరాలి. సుమారు 8 మిల్లీమీటర్ల రంధ్రాల్లోంచి కటి లోతుకు దిగిన పరికరాల కొసలు మణికట్టులా తిరుగుతాయి. రోగికి కాస్త దూరంగా కన్సోల్ దగ్గర కూర్చున్న సర్జన్ వేళ్లు కదిపితే, యంత్రం వణుకును వడగట్టి కదలికను కుదించి అందిస్తుంది. చాలా మోడళ్లలో చేతికి స్పర్శ తెలియదు. కణజాలం ఎంత లాగితే ఎంత సాగుతుందో త్రీడీ తెరలో కంటితోనే పసిగట్టాలి. కణితిని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా, పొర చిరగకుండా విడదీయాలి. ఆ పక్కనే మూత్రాశయాన్ని, లైంగిక సామర్థ్యాన్ని నడిపే సన్నని నాడులు, అవి తెగకూడదు. పేగును అతికించే ముందు సిరలోకి మెరిసే రంగు ఎక్కించి, చివరిదాకా రక్తం అందుతోందో చూసుకుంటారు. రోగి పక్కనే నిలబడి పరికరాలు మార్చే సహాయకుల చురుకుదనమూ తక్కువది కాదు. గాట్లు చిన్నవి గనుక రోగి త్వరగా లేచి నడుస్తాడు. రోబో తనంతట తాను ఒక్క కోతా కోయదు; మెచ్చుకోవాల్సింది ఆ చేతుల్నే.