పాత థర్మల్ స్కోపు, కొత్త థర్మల్ స్కోపు: రాత్రి గురిలో వచ్చిన మార్పు

థర్మల్ స్కోపుకు వెలుగుతో పనిలేదు. వేడిలో తేడా ఉంటే చాలు. నక్కా, పందీ, వాటి వెనకున్న గట్టూ, గట్టు మీది గడ్డీ తమ తమ ఉష్ణోగ్రతను బట్టి పరారుణ కిరణాలను వెదజల్లుతూనే ఉంటాయి. వాటిలో సుమారు 8 నుంచి 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గలవాటిని స్కోపులోని సెన్సర్ పట్టుకుని, చిన్న తెర మీద నలుపు తెలుపుల బొమ్మగా చూపిస్తుంది. అమావాస్య చీకటైనా పండువెన్నెలైనా దానికి ఒకటే. రైఫిల్‌కు బిగించే ఇలాంటి స్కోపులు 2010లలో బ్రిటన్, అమెరికా వంటి దేశాల్లో రైతులకూ, పొలాల మీద పడే జంతువులను అదుపు చేసే వేటగాళ్లకూ కొనగలిగే ధరకు దిగాయి. అప్పటి స్కోపుకూ ఇప్పటిదానికీ పైకి కనిపించే తేడాలు బోలెడు. పనిలో తేలే తేడాలు మాత్రం కొన్నే.

అంతకుముందు బ్రిటన్ పల్లెల్లో రాత్రి వేటంటే లైటు వేటే. పికప్ బండి వెనక నిలబడి ఒకరు పెద్ద లైటు తిప్పుతుంటే, నక్క కంటిలోని మెరుపు పొర ఆ వెలుగును తిప్పికొట్టేది. కళ్లు మెరిసిన తీరు, వాటి మధ్య ఎడం, తల ఎత్తి దించే పద్ధతి చూసి అది నక్కో, గొర్రెపిల్లో, ఎవరి పెంపుడు కుక్కో పోల్చుకునేవారు. కుందేలు కీచుమన్నట్టు చప్పుడు చేసి నక్కను దగ్గరికి రప్పించడం మరో విద్య. ఒకసారి లైటు కింద గురి తప్పించుకున్న నక్క మళ్లీ వెలుగు కనబడగానే పరారయ్యేది. ఎర్ర ఫిల్టరు తొడగడం అందుకే వచ్చింది. మన పల్లెల్లో తలకు బ్యాటరీ లైటు కట్టుకుని కుందేళ్ల వెంటపడే వేట కూడా ఇదే కోవలోది, ఇక్కడ అది చట్టరీత్యా నేరం. థర్మల్ రాకతో లైటు మూలకు చేరింది గానీ, ఆ పాత విద్య చేరలేదు. గాలివాటం చూసుకోవడం, నడకను బట్టి జంతువును గుర్తుపట్టడం, గురి తప్పితే తూటా ఏ మట్టిలో దిగబడుతుందో ముందే ఎంచుకోవడం ఇప్పటికీ మనిషి పనే.

ఈ పరికరం పుట్టిల్లు సైన్యం. పరారుణ కిరణాలను 1800లోనే విలియం హెర్షెల్ పట్టకం, థర్మామీటర్ల సాయంతో కనుక్కున్నా, వాటితో పనికొచ్చే బొమ్మ కట్టడానికి శతాబ్దంన్నర పైనే పట్టింది. పాదరసం, కాడ్మియం, టెల్లూరియం కలిసిన స్ఫటికం ఇందుకు బాగా పనికొస్తుందని 1959లో ఇంగ్లండులోని మాల్వర్న్ పరిశోధకులు చూపించారు. చిక్కల్లా దాన్ని ద్రవ నైట్రోజన్ అంత చల్లగా ఉంచాల్సి రావడమే. ట్యాంకు మీద, క్షిపణి ప్రయోగ పరికరం మీద ఆ ఏర్పాటు నడుస్తుంది. భుజాన మోసే రైఫిల్‌కు బరువు. చల్లబరిచే అవసరం లేని మైక్రోబోలోమీటర్‌ను అమెరికాలోని హనీవెల్ కంపెనీ 1980లలో సైన్యం డబ్బుతో తయారుచేసింది. 1992 దాకా అది రహస్యమే. ఆ రహస్యం వీడాకే పౌరుల చేతికి థర్మల్ అందే దారి తెరుచుకుంది.

మైక్రోబోలోమీటర్‌లో ఒక్కో పిక్సెల్ సిలికాన్ పలక మీద రెండు సన్నని కాళ్లపై నిలిచిన బుల్లి వంతెన. కింది పలకకూ దానికీ మధ్య ఎడం రెండున్నర మైక్రాన్లు. దాని మీద వెనేడియం ఆక్సైడ్ గానీ అమార్ఫస్ సిలికాన్ గానీ పొరగా ఉంటుంది. కిరణాలు పడినప్పుడు వంతెన డిగ్రీలో అతి చిన్న వంతు వేడెక్కుతుంది, పొర విద్యుత్ నిరోధం ఆ మేరకు మారుతుంది, ఆ మార్పునే బొమ్మగా గీస్తారు. గాలి తగిలితే ఆ కాస్త వేడీ జారిపోతుంది కనుక సెన్సర్ మొత్తాన్ని శూన్యంలో మూసిపెడతారు. పాత స్కోపులోనూ కొత్త స్కోపులోనూ సూత్రం ఇదే. మారింది వంతెన కొలత, దాని నాణ్యత.

కొలత సంగతి లెక్కతో చూస్తేనే తెలుస్తుంది. లిథువేనియాకు చెందిన యూకాన్ సంస్థ పల్సర్ పేరుతో అమ్మిన అపెక్స్ స్కోపుల్లో ఎక్స్‌డీ రకానికి 25 మైక్రాన్ల పిక్సెళ్లు, ఎక్స్‌క్యూ రకానికి 17 మైక్రాన్లవి ఉండేవి. రెంటిలోనూ పిక్సెళ్లు 384×288. ఇప్పుడు మార్కెట్‌లో మామూలుగా దొరికేది 12 మైక్రాన్లది. మూడింటికీ 50 మి.మీ. లెన్సే ఉందనుకుంటే, 100 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ కప్పే చోటు వరుసగా 5 సెం.మీ., 3.4 సెం.మీ., 2.4 సెం.మీ. భుజం దగ్గర 40 సెం.మీ. ఎత్తుండే నక్క 200 మీటర్ల దూరంలో నిలబడితే, దాని ఎత్తు మొదటి స్కోపులో 4 పిక్సెళ్లు, రెండో దాంట్లో 6, మూడో దాంట్లో 8. అమెరికా సైన్యపు పరిశోధకుడు జాన్ జాన్సన్ 1958లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం ఏదో ఉందని పసిగట్టడానికి 2 పిక్సెళ్లు, ఏ జాతిదో పోల్చడానికి 8, ఫలానాదేనని నిర్ధారించడానికి సుమారు 13 కావాలి. అదీ సగం సార్లు సరిగ్గా చెప్పగలగడానికి. అంటే 200 మీటర్ల దగ్గర పాత స్కోపు చూపేది ఒక తెల్లటి ముద్దను. కొత్తది అప్పుడప్పుడే నక్క ఆకారాన్ని కడుతుంది. కంపెనీల కాగితాల మీద 1800 మీటర్లని ఘనంగా కనిపించే దూరం పసిగట్టడానికి సంబంధించినది, అదీ నక్కను కాదు, నిలబడ్డ మనిషిని. తుపాకి పేల్చే నిర్ణయానికి ఆ అంకె ఎందుకూ కొరగాదు.

పిక్సెల్ చిన్నదయ్యే కొద్దీ లాభమేనా అంటే, కాదు. 384 పిక్సెళ్ల సెన్సర్‌ను 17 నుంచి 12 మైక్రాన్లకు కుదిస్తే సెన్సరే చిన్నదవుతుంది. అదే లెన్సు వెనక 100 మీటర్ల దగ్గర 13 మీటర్ల వెడల్పు కనిపించేది కాస్తా 9 మీటర్లకు పడిపోతుంది. పరుగెత్తే పందుల గుంపును ఆ ఇరుకు కిటికీలోంచి వెంబడించడం కష్టం. 640 పిక్సెళ్లకు, ఇంకా పైన 1024×768కు వెళితే ఈ ఇబ్బంది తీరుతుంది, ధర మాత్రం మోత మోగిస్తుంది. మరో గోడ భౌతికశాస్త్రానిది. 10 మైక్రాన్ల తరంగం ఎఫ్ 1.0 లెన్సులోంచి (నాభ్యంతరం ఎంతో వ్యాసమూ అంతే ఉన్న లెన్సు) వచ్చినప్పుడు ఒక్క చుక్క కూడా సుమారు 24 మైక్రాన్ల మచ్చగా పడుతుంది. 12 మైక్రాన్ల పిక్సెల్ ఆ మచ్చలో సగం. అంతకంటే చిన్న పిక్సెళ్లతో ఇదే లెన్సు వెనక దక్కే అదనపు వివరం స్వల్పం.

తేమ దేశాల వేటగాళ్లకు అసలు మార్పు పిక్సెల్‌లో కాదు, సున్నితత్వంలో కనిపిస్తుంది. ఎంత చిన్న ఉష్ణోగ్రత తేడాను సెన్సర్ తన సొంత రొద నుంచి విడదీయగలదో మిల్లీకెల్విన్లలో (డిగ్రీలో వెయ్యో వంతు) చెబుతారు. అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. పాత తరం స్కోపుల్లో ఇది 50 నుంచి 100 దాకా ఉండేది, ఇప్పుడు 25, 20, కొన్నిటిలో ఇంకా తక్కువ. పొడి రాత్రి, రోజంతా ఎండిన నేల మీద ఈ తేడా పెద్దగా తెలియదు. గంటల తరబడి జల్లు పడ్డ రాత్రి గడ్డి, మట్టి, కంచె, చెట్టు అన్నీ దాదాపు ఒకే ఉష్ణోగ్రతకు వస్తాయి. గాలిలోని ఆవిరి, పొగమంచు కిరణాలను దారిలోనే మింగేస్తాయి. అలాంటప్పుడు పాత స్కోపులో తెరంతా బూడిదరంగు జావ. జంతువు కనిపించినా దాని ముందున్న కంచె తీగ, వెనకున్న గట్టు కనబడవు. గట్టు కనబడకపోతే తూటా ఎక్కడికి పోతుందో తెలియదు. కొత్త సెన్సర్‌లో గట్టు గీత, గడ్డి పరక, చెవుల ఆకారం మిగులుతాయి. డబ్బుకు తగ్గ ఫలితం కనిపించేది ఇక్కడే.

అయితే ఆ అంకెనూ గుడ్డిగా నమ్మకూడదు. దాన్ని సాధారణంగా ఎఫ్ 1.0 లెన్సుతో కొలుస్తారు. లెన్సు ఎఫ్ 1.2 అయితే లోపలికి వచ్చే శక్తి తగ్గి, 20 మిల్లీకెల్విన్ల సెన్సర్ 29 దగ్గర పనిచేస్తుంది. బరువు, ఖర్చు తగ్గించుకోవడానికి కొన్ని కొత్త స్కోపులు చిన్న లెన్సు పెట్టుకుని సెన్సర్ అంకెను మాత్రం పెద్దక్షరాల్లో చాటుకుంటాయి. ఈ లెన్సు మామూలు గాజు కాదు. గాజు ఈ కిరణాలను ఆపేస్తుంది, కిటికీ అద్దంలోంచి థర్మల్ బయటికి చూడలేకపోవడానికి కారణం అదే. కావలసింది జెర్మేనియం. మన కంటికి అద్దంలా తళతళలాడే ఈ పదార్థం పూత లేకుండా ఉంటే ఒక్కో ముఖం మీదే 36 శాతం కిరణాలను వెనక్కి కొడుతుంది. కనుక పూత గీతలు పడిన పాత లెన్సుతో బొమ్మ నీరసిస్తుంది. 2023 ఆగస్టు నుంచి చైనా జెర్మేనియం ఎగుమతిని నియంత్రించడంతో ఈ పదార్థం మరింత ప్రియమైంది.

మిగిలిన మార్పులు సౌకర్యాలే. పాత స్కోపు సెన్సర్‌ను సరిచూసుకోవడానికి నడుమ నడుమ లోపలి మూత టిక్కుమని పడి బొమ్మ క్షణం పాటు నిలిచిపోయేది, సరిగ్గా ట్రిగ్గర్ మీద వేలు పెట్టినప్పుడే. కొన్ని కొత్తవాటిలో ఈ పని చాలావరకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. సెకనుకు 50 బొమ్మలు పాత పల్సర్‌లోనూ ఉండేవి. ఎగుమతి ఆంక్షలు తప్పించుకోవడానికి 9 దగ్గర ఆపేసిన చౌక పరికరాల్లో మాత్రం కదిలే జంతువు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. రెండు చిన్న సీఆర్123 బ్యాటరీల బదులు చార్జింగ్ బ్యాటరీలు, రికార్డింగ్, వైఫై వచ్చాయి. లేజర్‌తో దూరం కొలవడం మాత్రం నిజంగా విలువైనది. థర్మల్ బొమ్మలో దూరం అంచనా వేయడం చాలా కష్టం, 100 మీటర్ల దగ్గర కుందేలు, 250 మీటర్ల దగ్గర నక్క తెర మీద ఒకే పాటి ముద్దలుగా కనిపించవచ్చు.

గురి సరిచేయడంలో చిన్న ఉపాయాలు అక్కరకొస్తాయి. కాగితం మీది నల్లచుక్క థర్మల్‌కు కనిపించదు. అల్యూమినియం రేకు ముక్కను పలక మీద అతికించి కాస్త పైకి వాలిస్తే, అది చల్లటి ఆకాశాన్ని ప్రతిబింబించి నల్లగా తేలుతుంది. కొందరు చేతులు వెచ్చబెట్టుకునే చిన్న పొట్లాన్ని పలకకు తగిలిస్తారు, అది తెల్లగా వెలుగుతుంది. తూటా పడ్డ చోటికి తెర మీది గీతను జరిపి, బొమ్మను నిలిపి ఉంచి నిర్ధారించుకోవడం పాతవాటిలోనూ ఉన్న సదుపాయమే.

ప్రమాదమంతా గుర్తింపులోనే. బ్రిటన్‌లో నక్కను రాత్రి కాల్చవచ్చు గానీ, బ్యాడ్జర్ అనే బొరియ జంతువును చంపితే దాని రక్షణకు చేసిన 1992 చట్టం కింద శిక్ష. పొడుగాటి గడ్డిలో రెండూ ఒకేలా వెలుగుతాయి. అందుకే అనుభవజ్ఞులు వెతకడానికి చేతిలో పట్టుకునే థర్మల్ పరికరం వేరుగా ఉంచుకుంటారు. తుపాకినే దూరదర్శినిలా వాడి అన్నివైపులా తిప్పడమంటే తెలియని వాటి మీదికి గొట్టం ఎక్కుపెట్టడమే. జర్మనీ 2020లో చట్టం సవరించి, పగటి స్కోపు ముందు తగిలించే పరికరాలను వేటగాళ్లు వాడుకోనిచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో అక్కడి అడవి పందుల్లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడటంతో పందుల వేట అవసరం పెరిగింది. టెక్సస్‌లో సొంత భూముల్లో పందుల మీద రాత్రి వేట చట్టబద్ధం. దూరాలు తక్కువగా, గాలి పొడిగా ఉండే చోట్ల పాత స్కోపులు అక్కడ ఇంకా నిక్షేపంగా నడుస్తున్నాయి.

భారతదేశంలో సంగతి వేరు. వేరుశనగ, మొక్కజొన్న చేలను పందులు తవ్వేసినా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 వేటను నిషేధించింది, సెక్షన్ 11 కింద అధికారి రాతపూర్వక అనుమతి ఉంటే తప్ప. ఇక్కడ రాత్రి చూపు పరికరాలు ప్రధానంగా సైన్యానివే. ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో కలుపుకున్న భారత్ ఎలక్ట్రానిక్స్ మచిలీపట్నం శాఖ నైట్ విజన్ పరికరాలకు పేరుపడింది.

150 మీటర్ల లోపు, పొడి గాలిలో, పెద్ద జంతువు మీద అయితే 384 పిక్సెళ్లు, 17 మైక్రాన్లు, ఎఫ్ 1.0 లెన్సు ఉన్న పాత స్కోపు చాలు. లెన్సు పూత బాగుండి, చచ్చిన పిక్సెళ్లు లేకపోతే దాన్ని మార్చాల్సిన పనిలేదు. తడి రాత్రుల్లో, 200 మీటర్ల దగ్గర నక్కను కుక్క నుంచి విడదీయాలంటే మాత్రం 12 మైక్రాన్ల పిక్సెళ్లు, 25 మిల్లీకెల్విన్ల లోపు సున్నితత్వం ఉన్న కొత్తదే కావాలి.