ధర తెలియుట, ధర పొందుట : ఒక పరిశోధనపై విమర్శ

సెల్‌ఫోను, అంతర్జాలము వచ్చి పల్లెటూరి బజారును మార్చివేసినవని చెప్పు వ్యాసములలో కేరళ చేపల కథ ఒకటి తప్పక కనిపించును. రాబర్ట్ జెన్సెన్ అను అమెరికన్ ఆర్థికశాస్త్రజ్ఞుడు చేసిన ఈ పరిశోధన 2007లో వెలువడినది. సాంఘికశాస్త్రములలో ఇంత పేరు పొందిన రచనలు అరుదు. అయితే తాడేపల్లి మొదలు గుంటూరు మీదుగా పల్నాటి వరకు మిరప, ప్రత్తి పండించు రైతులకు ఈ కథ ఎంతవరకు వర్తించును? ఈ ప్రశ్న వేసి చూచినగాని ఆ పరిశోధన బలమెంతో, దాని హద్దు ఎక్కడనో తెలియదు.

ముందుగా దాని బలమును చెప్పవలెను. ప్రయోగశాలలో రసాయనమును పరీక్షించినట్లు సంఘమును పరీక్షించుటకు వీలులేదు. ఒక ఊరికి ఫోను ఇచ్చి, పక్క ఊరికి ఇవ్వక, ఏమగునో చూచెదమన్నచో ఎవరొప్పుకొందురు? జెన్సెన్‌కు ఆ అవకాశము దానంతటదే దొరికినది. ఉత్తర కేరళ తీరమున సెల్‌ఫోను టవర్లు అన్ని చోట్ల ఒకేసారి రాలేదు. 1997 మొదలు 2000 వరకు ఒక ప్రాంతము తరువాత మరియొక ప్రాంతమునకు వచ్చినవి. ఆయన 15 రేవులలో, 300 పడవలవారి అమ్మకములను 1996 నుండి 2001 వరకు వారము వారము నమోదు చేయించినాడు. ఏ ప్రాంతమునకు ఫోను వచ్చినదో ఆ ప్రాంతమందే, వచ్చిన వెంటనే, మార్పు కానవచ్చినది. ఫోను రాని రేవులలో పాత పద్ధతియే సాగినది. కావున మార్పునకు కారణము వర్షము, పండుగలు కాక ఫోనే అని చెప్పుటకు గట్టి ఆధారము ఏర్పడినది. ఉపాధ్యాయులు తరగతిలో ‘కారణము’, ‘యాదృచ్ఛికము’ అను భేదమును వివరించుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకుట కష్టము.

ఆ మార్పు ఏమిటి? 1997 జనవరి 14న బడగర రేవున 11 మంది మత్స్యకారులు కొనువారు లేక కవళ్ల చేపలను పారవేసినారు. అదే పూట 15 కిలోమీటర్ల లోపు రేవులలో చేప దొరకక కొనుగోలుదారులు తిరిగి పోవుచుండిరి. ఫోను వచ్చిన పిదప పడవవారు సముద్రము మీదనుండే ధర విచారించి, మంచి రేవునకు దారి మళ్లించుకొనిరి. చేప పారవేయుట దాదాపు ఆగిపోయినది. రేవు రేవునకు గల ధరల తేడా తగ్గినది. పడవవారి లాభము సుమారు 8 శాతము పెరిగినది, వినియోగదారునికి ధర 4 శాతము తగ్గినది.

ఇక హద్దు సంగతి. జానకీ శ్రీనివాసన్, జెన్నా బరెల్ అను ఇద్దరు పరిశోధకులు ఆ కేరళ తీరమునకే తిరిగి పోయి, 2013లో తమ పరిశీలనలు ప్రకటించిరి. ధర కొరకు రేవులు మారుట మత్స్యకారులందరును చేయు పని కాదనియు, పడవ రకమును బట్టియు, వేలము పాడించువారితో గల అప్పు సంబంధములను బట్టియు ఉండుననియు వారు చూపిరి. జెన్సెన్ అంకెలు దీనివలన తప్పు కావు. కాని అంకెలు చెప్పని మాట ఒకటి బయటపడినది: ధర తెలిసినవాడు తన సరుకును తన యిష్టము వచ్చిన చోటికి తీసికొనిపోగలడా?

మిరప విషయమున ఈ ప్రశ్న మరింత పదునెక్కును. చేప కొన్ని గంటలలో చెడును, కావున ‘ఎక్కడ’ అమ్మవలెననునదే సమస్య. ఎండుమిరప చెడదు, శీతల గిడ్డంగిలో నెలల తరబడి నిలువ ఉండును. కావున ‘ఎప్పుడు’ అమ్మవలెననునది సమస్య. ఫోను నేటి ధర చెప్పును గాని వచ్చే నెల ధర చెప్పదు. పైగా ఫోనులో కనిపించునది కనిష్ఠము, గరిష్ఠము అను రెండు అంకెలు. గుంటూరు యార్డులో టిక్కీ విప్పి, రంగు, తేమ, తాలుకాయ చూచిన మీదటగాని రైతు ధర తేలదు. ఈ రెండు అంకెల నడుమ తనది ఎక్కడ నిలుచునో చెప్పువాడు కొనువాడే.

అంతకంటె ముఖ్యము అప్పు. కౌలురైతుకు బ్యాంకు ఋణము సులభముగా దొరకదు. వారికి ఋణార్హత పత్రములిచ్చుటకు 2011లో ఆంధ్రప్రదేశ్‌లో శాసనమే చేయవలసివచ్చినది. బ్యాంకు ఇవ్వనిచో పెట్టుబడి పురుగుమందుల దుకాణమునుండియో, కమీషన్ వ్యాపారినుండియో వచ్చును. పంట ఆయన ద్వారానే అమ్ముట ఆ అప్పులో చెప్పని షరతు. అట్టి రైతు చేతిలోని ఫోను పది మార్కెట్ల ధరలు చూపినను, బండి పోవునది ఒక్క చోటికే.

ఇతర పరిశోధనలు కూడ ఇటే చూపుచున్నవి. ఫాఫ్‌షాంప్స్, మింటెన్ అనువారు మహారాష్ట్రలో 100 గ్రామములలో రైతులకు సెల్‌ఫోను ద్వారా ధరల సమాచారము అందజేసి పరీక్షించగా, అమ్మకపు ధరలో లెక్కకు వచ్చు తేడా కనబడలేదు (2012). మధ్యప్రదేశ్‌లో ఐ.టి.సి. సంస్థ 2000 అక్టోబరు నుండి నెలకొల్పిన ఇ-చౌపాల్ అంతర్జాల కేంద్రముల వలన సోయాచిక్కుడు ధర 1 నుండి 3 శాతము పెరిగినట్లు అపరాజితా గోయల్ 2010లో చూపినది. తేడా ఎక్కడ? అచ్చట కంప్యూటరుతోపాటు క్రొత్తగా కొనువాడు కూడ వచ్చినాడు. సంస్థయే పంటను నేరుగా కొన్నది. జెన్సెన్ పేరు చెప్పి గ్రామమునకు ఒక తెర బిగించిన చాలునని వాదించువారు ఈ కొనువానిని మరచుట ఆశ్చర్యము.

2025 ఆరంభమున గుంటూరులో మిరప ధర పడిపోయినప్పుడు ఆ వార్త గడియలో ప్రతి పొలము గట్టునకు చేరినది. తెలియనివారు లేరు. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించి, 2.91 లక్షల టన్నుల వరకు తేడా చెల్లించుటకు అంగీకరించవలసివచ్చినది. ఈ మైదానములో జెన్సెన్ పద్ధతిని ఎవరైన మరల ప్రయోగించదలచినచో, రైతుకు ఫోను ఉన్నదా అను గడి పక్కన, పెట్టుబడి ఎవరిచ్చిరి, పొలము సొంతమా కౌలా, సరుకు ఎన్నాళ్లు ఆపుకొనగలిగిరి అను మూడు గడులు చేర్చవలసియుండును.